భిలాయిలో పంచిన హల్వా

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. భిలాయిలో ఒక బాస్కెట్‌బాల్ కోర్టులో, పదిహేనుమంది ఆడపిల్లల ముందు, మా మేనకోడలి ఉద్యోగం పోయినందుకు మాడుగుల హల్వా పంచాను. తెలిసి చేసింది కాదు. కానీ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే తెలిసేదే.

పావని మా అక్క కూతురు. ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న భిలాయిలో పుట్టింది. అక్కడి ఫ్యాక్టరీ క్వార్టర్ల సెక్టార్‌లో ఉన్న కోర్టులోనే బంతి పట్టింది. కిందటి దసరా వెళ్ళాక రొమేనియాలో ఒక చిన్న ఊరి క్లబ్బుకు జీతం మీద ఆడడానికి వెళ్ళింది. మా కుటుంబంలో ఆటతో జీతం తెచ్చుకున్న మొదటి మనిషి. ఫిబ్రవరిలో వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క పెట్టింది: "క్లబ్బు రిలీజ్ చేసింది. ఇంటికి వస్తున్నాను."

నేను రైల్వేలో గూడ్స్ గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. మాకు రిలీజ్ అంటే పండగ. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు చేతిలో ఉన్నా, పైఅధికారి రిలీజ్ చేస్తేనే కొత్త చోటికి కదలాలి. రాయగడ నుంచి విజయనగరం రావడానికి ఆ మాట కోసం నేను ఏడాది పైనే కాచుకున్నాను. వచ్చిన రోజున ఆఫీసంతా మిఠాయి పంచాను. పావనిని కూడా ఏదో పెద్ద క్లబ్బు అడిగి ఉంటుందని, పాత క్లబ్బు వదిలిపెట్టిందని నాకు నేనే నిర్ణయించేసుకున్నాను. రెండు కిలోల హల్వా కొన్నాను. విజయనగరం స్టేషన్ బయట టీ కొట్టు అప్పారావుకి, అక్కడ కూర్చున్న నా పాత మిత్రులకి తలో ముక్కా పెట్టి మరీ బయలుదేరాను.

దుర్గ్ మీదుగా వెళ్ళే బండి విజయనగరానికి అర్ధరాత్రి దాటాక వస్తుంది. స్లీపర్ టికెట్టు నాలుగు వందల లోపే. దుప్పటి మాత్రం తీసుకెళ్ళండి, రాయగడ కొండల్లో చలి ఎక్కువ. నాకు మెలకువ వచ్చేసరికి టిట్లాగఢ్. ప్లాట్‌ఫారం మీద వేడి వడలు, ఎండుమిర్చి కారం. ఎదురు సీటులో ఒక పెద్దావిడ నా వడల వంక, తర్వాత నా హల్వా డబ్బా వంక చూసింది.

"ఏ ఊరెల్తన్నావు బాబూ?"

"భిలాయి, అమ్మా. మా మేనకోడలు విదేశాల్లో బాస్కెట్‌బాల్ ఆడుతుంది."

"పావనేటి?" అంది ఆవిడ నిటారుగా కూర్చుని. "మా దివ్య ఆ పిల్ల పేరు సెప్పి పేనం తీస్తాది. అదీ ఆ కోర్టులోనే ఆడతాది. ఇంట్లో ఒక్క గాజుగ్లాసు బతకనివ్వదు."

ఆవిడ పేరు సింహాచలమ్మ. బొబ్బిలి దగ్గర చెల్లెలింటికి వెళ్ళి, భిలాయిలో క్యాంప్ 1 అనే పేటలో ఉన్న కొడుకు ఇంటికి తిరిగి వెళుతోంది. నేను ఆగలేకపోయాను. రిలీజ్ అయిందని, పెద్ద టీముకి వెళుతోందని చెప్పి హల్వా పెట్టాను. ఆవిడ సగం తిని, మిగతా సగం దివ్యకని కొంగున కట్టుకుంది.

మధ్యాహ్నం పన్నెండుకి దుర్గ్‌లో దిగాము. స్టేషన్ బయట భిలాయికి షేర్ ఆటోలు వరసగా ఉంటాయి. పెట్టె ఉంటే వెనక సీటు అడగండి, ముందు సీటులో అది మన ఒళ్ళోనే ఉంటుంది. సెక్టార్ల వైపు తిరిగేసరికి రెండు పక్కలా చెట్లు, ఒకేలాంటి క్వార్టర్లు, పైన చిమ్నీల పొగ. అక్క గుమ్మంలోనే డబ్బా అందుకుంది.

"ఏటిరా ఇంత హల్వా? పెళ్ళికొచ్చినావేటి?"

"పావని ఏదీ?"

"పడుకుంది. వచ్చిన కాడ్నించి ఏటీ సెప్పదు, అలిసిపోయినాననే మాటే. సాయంత్రం కోర్టుకెల్తాదట. నువ్వూ ఎల్లు."

అక్క చెప్పిన ఆ ముక్కయినా నా చెవిన పడి ఉండాల్సింది. పప్పుచారు, బంగాళాదుంప వేపుడుతో కడుపునిండా తిని నిద్రపోయాను.

సాయంత్రం అయిదింటికి హల్వా డబ్బా పట్టుకుని పావనితో నడిచి వెళ్ళాను. ఎడమ మోకాలికి పట్టీ ఉంది. "దెబ్బా?" అన్నాను. "తగ్గిపోయింది మామయ్యా," అంది. కోర్టులో పిల్లలు ఆమెను చూడగానే బంతులు వదిలేసి చుట్టూ చేరారు. కోచ్ మీనా దీదీ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "బోలో బేటా," అని చెప్పమంది. పావని ఏదో చెప్పడానికి గొంతు సవరించుకుంది. ఆ క్షణంలోనే నేను డబ్బా తెరిచాను.

"మా పావని రిలీజ్ హో గయీ! అబ్ బడీ టీమ్ మే జాయేగీ!" ఇక పెద్ద టీముకే వెళుతుందని నాకొచ్చిన హిందీలో చాటేశాను.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒక్కొక్కరూ వచ్చి, నా చేతిలోంచి ముక్క తీసుకుని, "థాంక్యూ అంకల్," అన్నారు. పావని కూడా ఒక ముక్క తీసుకుంది. ఆ సాయంత్రం ఆమె ఆడలేదు. బెంచీ మీద కూర్చుని షూ తాళ్ళు విప్పుతూ, కడుతూ ఉండిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు దారిలో చెప్పింది.

"మామయ్యా, మా లైన్లో రిలీజ్ అంటే తీసెయ్యడం."

నేను ఆగిపోయాను. తను ఆగలేదు. ఆ నడకలోనే మిగతాది విన్నాను.

"బయట్నించి వచ్చిన ప్లేయర్ని అక్కడ ఇంపోర్ట్ అంటారు. ఇంపోర్ట్ బెంచీ మీద కూర్చోకూడదు. ఊరి పిల్ల పది పాయింట్లు కొడితే చప్పట్లు. నేను పది కొడితే, బస్ ఇత్‌నా హీ, ఇంతేనా? అంటారు. నాకు మోకాలు వాచింది. రెండు వారాలు కూర్చున్నాను. వేరే అమ్మాయిని తెచ్చేరు. మేనేజరు పిలిచి, కాఫీ ఇచ్చి మరీ చెప్పేడు." నాలుగడుగులు వేసి, "కాఫీ బాగుంది," అంది.

అక్కడ తన గదిలో ఒక కెన్యా అమ్మాయి ఉండేదట. పావని అన్నం వండితే ఆ పిల్ల గిన్నె పట్టుకుని వచ్చేదట. వీడ్కోలు చెప్పడానికి స్టేషన్‌కి వచ్చింది ఆ ఒక్క పిల్లే.

"పోర్చుగల్లో ఇంకో క్లబ్బు పది రోజులు వచ్చి ఆడి చూపించమంది. నచ్చితేనే తీసుకుంటారు. నెలాఖరుకి వెళ్ళాలి. అందాకా రోజూ ఈ పిల్లల్తో ప్రాక్టీస్ చేద్దామనుకున్నాను. తీసేసేరని ఇవాళ నేనే చెప్దామని వచ్చేను మామయ్యా. ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను? రేపట్నించి కోర్టుకి రాను."

"మరి పోర్చుగల్?"

"ప్రాక్టీస్ లేకుండా వెళ్ళి ఏం చూపిస్తాను?"

అమ్మకి తనే చెప్పుకుంటానంది. చెప్పింది కూడా. వంటింట్లో అక్క ఏడవలేదు. మోకాలికి ఇసక కాపడం పెట్టడం మొదలెట్టింది. నేను హాల్లో కూర్చుని నా అరవై మూడేళ్ళ అలవాటు గురించి ఆలోచించాను. అడగడం నాకు చేతకాదు. అనుకోవడమే వచ్చు.

మర్నాడు ఉదయం ఆరింటికి ఒక్కణ్ణే కోర్టుకు వెళ్ళాను. పిల్లలు పరుగు ఆపి వచ్చారు. నాకు వచ్చిన హిందీలో, నిన్న నేను చెప్పింది తప్పని, రిలీజ్ అంటే నాకు తెలియలేదని, పావని చెప్పబోతుంటే నేను అడ్డుపడ్డానని చెప్పాను. జడ వేసుకున్న ఒక సన్నటి పిల్ల ముందుకొచ్చింది. రైల్లో కలిసిన సింహాచలమ్మ మనవరాలు దివ్య.

"మాకు ఎరికే అంకల్. క్లబ్ పేజీలో టీమ్ ఫోటో మార్చేరు కదా. అందులో దీదీ లేదు. దీదీ చెప్తాదని వెయిట్ చేస్తన్నాం."

"మరి నిన్న హల్వా తీసుకున్నారేం?"

"మీరు అంత ఖుషీగా పెడితే వద్దని మనా ఎలా చేస్తాం?" నవ్వు ఆపుకుని, "బాగుంది కూడా," అంది.

ఇంటికి వచ్చి, పావని తలుపు దగ్గర నిలబడి, వాళ్ళకి ముందే తెలుసునని చెప్పాను. లోపల మంచం కిర్రుమంది.

"తెలిసీ తిన్నారా?"

"బాగుందట."

తలుపు తెరుచుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులు నవ్వుతున్నాయి. "వాళ్ళంతా బద్‌మాషులు మామయ్యా," అంది. ఆ సాయంత్రం కోర్టుకు వచ్చింది. పిల్లల మధ్య నిలబడి, కాఫీతో సహా అంతా తనే చెప్పింది.

నేను తిరుగు టికెట్టు రద్దు చేసుకున్నాను. తను విదేశానికి బయలుదేరేదాకా రోజూ ఉదయం బాస్కెట్ కింద నిలబడి, పడిన బంతి పట్టి తిరిగి విసరడం నా పని. మొదట్లో అన్నీ కాళ్ళ దగ్గర పడేవి. "నా మోకాలు వంగేలా వెయ్యకు మామయ్యా, ఛాతీ ఎత్తుకి వెయ్యి," అనేది. "అంకల్ కో భీ రిలీజ్ కరో దీదీ!" అని, నన్నూ తీసెయ్యమని దివ్య అరిచేది. నాలుగో రోజుకి నా చేతులు దారికొచ్చాయి.

మధ్యలో ఒక మధ్యాహ్నం క్యాంప్ 1కి వెళ్ళాను. ఇరుకు సందుల్లో మూడుచోట్ల అడిగి సింహాచలమ్మ ఇల్లు పట్టుకున్నాను. విషయం చెబితే ఆవిడ చీపురు పక్కన పెట్టింది. "అయ్యో, ఈధంతా సెప్పేసినాను కద బాబూ! సర్లే, మల్లీ సెప్తాను, నాకేటి పని," అని నాకు మజ్జిగ ఇచ్చింది.

పావని రాయపూర్‌లో విమానం ఎక్కింది. మర్నాడు దుర్గ్‌లో తెల్లవారుజామున బయలుదేరే పగటి బండి నేను ఎక్కాను. టికెట్టు స్లీపర్‌కి మూడింతలు, కానీ మధ్యాహ్నానికి విజయనగరంలో దింపేస్తుంది, కొండలు పగటి వెలుగులో కనిపిస్తాయి. పావనిని తీసుకుంటారో లేదో ఇంకా తెలియదు. ఈసారి నేను ఏమీ అనుకోలేదు. పక్కసీటు కుర్రాడు ఎందుకు వెళ్ళారని అడిగితే, "బంతులు అందివ్వడానికి," అన్నాను. రాయగడ దాటుతుంటే నా పాత ఆఫీసు కిటికీ కనిపించింది. చూపు తిప్పుకున్నాను.

విజయనగరంలో దిగి ఇంటికి వెళ్ళలేదు. పెట్టెతో సహా టీ కొట్టుకు వెళ్ళాను. అదే బెంచీ మీద అదే మిత్రులు.

"ఏటి గురువుగారూ, మేనకోడలు పెద్ద టీములో సేరిందేటి?" అన్నాడు అప్పారావు.

"లేదు. నేను తప్పు చెప్పాను. రిలీజ్ అంటే తీసేశారని. ఇంకో చోట ఆడి చూపించడానికి వెళ్ళింది."

అప్పారావు గరిటతో టీ కలపడం ఆపాడు.

"మరి ఆ రోజు మేం తిన్న హల్వా దేనికి బాబూ?"

"అక్కడిదాకా వెళ్ళి అన్నాళ్ళు ఆడింది కదా," అన్నాను. "అందుకు."