సరోజనమ్మ గారింటి వోల్టేజ్

నమ్మినవారి మేడల మీదా నమ్మనివారి మేడల మీదా ఒకే ఎండ కాయించే పరలోకపు తండ్రికి ముందుగా స్తోత్రం. నా ఉద్యోగంలో బాగా గుర్తుండిపోయిన చిక్కు ఆ ఎండ వల్లే వచ్చింది. దాన్ని విప్పే బుద్ధి కూడా ఆయనే ఇచ్చాడు.

2017 వేసవి. అమీర్‌పేట, పంజాగుట్ట మధ్య ఉన్న గల్లీలకు కరెంటు చూసుకునే అసిస్టెంట్ ఇంజినీర్‌ని నేను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వచ్చేవాళ్ళతో హాస్టళ్ళు వరసగా లేస్తున్నాయి. సాయంత్రం ఏసీలన్నీ ఒక్కసారే ఆన్ అయ్యేసరికి వోల్టేజ్ పడిపోయేది. అందుకని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ పెంచి ఉంచాం. ట్యాప్ అంటే బయటికి వచ్చే వోల్టేజ్‌ని మెట్లుమెట్లుగా పెంచే, తగ్గించే ఏర్పాటు.

ఒక సోమవారం రేణుక అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. వాళ్ళమ్మ సరోజనమ్మ గారికి ఊపిరితిత్తుల జబ్బు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మెషీన్ మీద ఉంటారు. ఆదివారం మధ్యాహ్నాల్లో స్టెబిలైజర్ పదేపదే కట్ అయి మెషీన్ ఆగిపోతోందట. మూలన ఒక సిలిండర్ ఉందిగానీ దాన్ని నమ్ముకొని ఎంతసేపు ఉండగలరు?

“అమ్మకు దమ్ము ఆడుతలేదు మేడమ్. జర వోల్టేజ్ పెంచుండ్రి, మీకు దండం పెడ్త” అంది.

మా లైన్‌మన్ యాదగిరి అప్పటికే లేచి నిలబడ్డాడు. “ఇంకో మెట్టు పెంచితే అయిపాయె మేడమ్.”

నాకూ అదే సరైనదనిపించింది. ఆ గల్లీలో అప్పటిదాకా నేను విన్న ఫిర్యాదులన్నీ లో వోల్టేజ్‌వే. కానీ ఆదివారం ఎందుకు? అక్కడున్న ఆఫీసులు, కోచింగ్ సెంటర్ ఆదివారం మూసే ఉంటాయి. వాడకం తక్కువున్న రోజున వోల్టేజ్ ఎలా పడుతుంది? ముందు కొలుద్దాం అన్నాను.

ఆదివారం ఆరాధన ముగియగానే చర్చి నుంచి నేరుగా అక్కడికే వెళ్ళాను. ప్లగ్‌లో మీటర్ పెట్టి చూస్తే, రెండు వందల ముప్ఫై దగ్గర ఉండాల్సిన వోల్టేజ్ రెండు వందల అరవై దాటింది. పడిపోవడం కాదు, మితిమీరి పెరిగింది. చూస్తుండగానే స్టెబిలైజర్ టక్కుమని కట్ అయింది. కాసేపటికి వోల్టేజ్ దానంతటదే దిగింది. మెషీన్ మళ్ళీ నడిచింది. ఇంకాసేపటికి మళ్ళీ అదే వరస. ఎవరో స్విచ్ వేసి తీస్తున్నట్టుగా ఉంది.

బాల్కనీలోకి వచ్చి తల ఎత్తితే పక్క హాస్టల్ మేడ మీద సోలార్ పలకలు మెరుస్తున్నాయి. హాస్టల్ యజమాని రావు గారిది భీమవరం. నన్ను చూడగానే తన గోడు మొదలుపెట్టారు.

“ఏంటి మేడమ్ ఇది? సరిగ్గా ఎండ బాగా ఉన్నప్పుడే నా సోలార్ ఇన్వర్టర్ ఆగిపోతోంది. మీ లైన్‌లో వోల్టేజ్ ఎక్కువని చూపిస్తోంది.”

రెండు ఫిర్యాదులూ ఒక్కటేనని అప్పుడు తెలిసింది. ఆ లైన్లు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇళ్ళకు కరెంటు తీసుకెళ్ళడానికి వేసినవి. ఇప్పుడు మధ్యాహ్నం పూట హాస్టల్ మేడ మీది సోలార్ నుంచి కరెంటు వెనక్కి వస్తోంది. మామూలు రోజుల్లో దాన్ని పక్కనున్న ఆఫీసులు వాడేసుకుంటాయి. ఆదివారం తీసుకునేవాళ్ళు లేక, పైగా ట్యాప్ పెంచి ఉండటంతో, చివరనున్న ఆ రెండు ఇళ్ళ దగ్గరా వోల్టేజ్ ఎగదన్నేది. సోలార్ కరెంటును లైన్‌లోకి పంపే ఆ ఇన్వర్టర్ ఆగితే దిగేది, నడిస్తే ఎక్కేది. లైన్‌లో ఉండే మూడు ఫేజ్ తీగల్లో, సోలార్ పెట్టినవాళ్ళు దాన్ని కలిపింది కూడా సరోజనమ్మ గారింటికి వచ్చేదానికే.

ట్యాప్ తగ్గిస్తే సాయంత్రం హాస్టళ్ళన్నీ మొత్తుకుంటాయి. అందుకని దాన్ని ముట్టుకోలేదు. సోలార్ వాళ్ళను పిలిపించి, ఆ కనెక్షన్‌ని హాస్టల్ వంటగదీ ఫ్రిజ్‌లూ నడిచే ఫేజ్‌కి మార్పించాను. ఆదివారం నీళ్ళ మోటారు, వాషింగ్ మెషీన్లు పొద్దున్నే కాకుండా మధ్యాహ్నం నడపమని రావు గారిని అడిగాను.

“ఎండ కరెంటుతో బట్టలుతికి, అదే ఎండలో ఆరేసుకోమంటారా?” అని నవ్వారు. ఒప్పుకున్నారు కూడా.

తర్వాతి ఆదివారం సరోజనమ్మ గారి మంచం పక్కనే మీటర్ పట్టుకొని కూర్చున్నాను. మధ్యాహ్నమంతా స్టెబిలైజర్ ఒక్కసారీ కట్ కాలేదు. ఆమె ముక్కు దగ్గరి గొట్టం సర్దుకొని, “గా మీటర్ పక్కన పెట్టు బిడ్డా, నాకేం ఫికర్ లేదు. జర బువ్వ తిను” అన్నారు. రేణుక కంచం తెచ్చింది.

ఆ సోమవారం మేము కొలవకుండా, రేణుక చేతులు జోడించి అడిగిందే ఇచ్చి ఉంటే ఆ తల్లి ఊపిరికి మేమే అడ్డుపడేవాళ్ళం. ఆమె అడిగింది వోల్టేజ్, ఆమెకు కావలసింది అమ్మ ఊపిరి. నా ప్రార్థనలు కూడా చాలాసార్లు అలాంటివేనని అప్పటి నుంచి అనుకుంటాను. మెట్టు పెంచు, ఇంకో మెట్టు పెంచు అని బతిమాలతాను. ఆయన కొలిచి చూస్తాడు.

ఈ పూట మీ ఇంట్లోనూ ఏదో ఒక మొర ఉండే ఉంటుంది. చదువుతున్న చోటే నాతోపాటు ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, మేము అడిగింది కాదు, మాకు కావలసింది ఇవ్వు. ఊపిరి కోసం పోరాడుతున్న ప్రతి ఒక్కరి దగ్గరా నువ్వే ఉండు. ఆమేన్.