పదిహేడో సీటు మాట

కొరియా దక్షిణ తీరంలో, మోక్పో రేవు వెనక వీధిలో, వలలు అమ్మే దుకాణం పైన మా అద్దె చదువుగది ఉంది. ఆడవాళ్ళ గదిలో ఇరవైనాలుగు సీట్లు. ప్రతి సీటుకూ మూడు వైపులా చెక్క అడ్డు, ఒక దీపం, ఒక నంబరు. పక్కసీటు దగ్గు తెలుస్తుంది, ముఖం తెలియదు. నెల రుసుము కట్టించుకోవడం, బార్లీ టీ కాచిపెట్టడం, దీపాలు మార్చడం నా పని.

గూ ఒక్‌జు గారు పద్దెనిమిదో సీటు తీసుకునేనాటికి ఆవిడకి యాభై రెండేళ్ళు. హైస్కూలు పిల్లల కోసం నవలలు రాసేవారు. మధ్యాహ్నం రెండింటికి వచ్చి, బూట్లు విప్పి, ఆ పిల్లలు బడిలో వేసుకునే మూడు చారల రబ్బరు చెప్పులు తొడుక్కునేవారు.

"ఇవి వేసుకుంటే నడక మారుతుంది. నడక మారితే మాట కూడా మారుతుందేమోనని ఆశ" అన్నారు ఒకసారి.

ఆరు పెన్సిళ్ళు చాకుతో చెక్కి వరసగా పెట్టుకుని, ఆరూ మొద్దుబారేదాకా లేచేవారు కాదు. గళ్ళ కాగితం మీద ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, విత్తనం నాటినట్టు. నాచు చుట్టిన అన్నం, గిమ్‌బాప్‌లో సగం పేజీకి ముందు, సగం పేజీ అయ్యాక. పాత్రల మాటలు మాత్రం కాగితం మీద పెట్టేముందు పెదవుల మీద ఆడించేవారు. ఎవరికీ వినపడదనే అనుకునేవారు.

"ఇంట్లో రాసుకోవచ్చు కదండీ, హాయిగా?" అని అడిగాను.

"ఇంట్లో నాతో మాట్లాడేది అన్నం కుక్కరొక్కటే, ఓనరుగారూ. 'అన్నం ఉడికింది, బాగా కలపండి' అని రికార్డు గొంతుతో అంటుంది. ఆ భాషలో నవల రాస్తే ఏ పిల్ల చదువుతుంది?"

నవ్వుతూనే అన్నారు. కానీ అది నవ్వే సంగతి కాదు. అంతకుముందు నవల చూసి సియోల్‌లో ఎడిటర్, "ఈ పిల్ల ఒంటిమీద యూనిఫాం ఇప్పటిది, నోట్లో నాలుక ముప్ఫై ఏళ్ళ కిందటిది" అన్నాడట. ఈసారి కూడా పిల్ల మాటకి ప్రాణం రాకపోతే ఇక రాయడం మానేస్తానని నాకు చెప్పారు. కొత్త నవలలో పిల్ల పేరు హరిమ్. పరీక్ష తప్పి ఇంటికి వస్తుంది. గుమ్మంలో అమ్మతో ఏమంటుందో ఒక్‌జు గారికి మూడు నెలలుగా అంతుపట్టలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆవిడ బల్లకి కుందేలు బొమ్మ చీటీ ఒకటి అంటించి ఉంది. మా దగ్గర ముఖం మీద ఎవరూ ఏమీ అనరు, చీటీ అంటిస్తారు. గుండ్రటి చేతిరాత.

"పద్దెనిమిదో సీటుగారూ, దయచేసి మీలో మీరు మాట్లాడుకోకండి. మీ కథలో ఎవరో ఏడుస్తున్నారు, నాకు చరిత్ర ఎక్కట్లేదు. ఇట్లు, మీ పక్క పదిహేడో సీటు."

ఒక్‌జు గారు సిగ్గుతో ఎర్రబడ్డారు. తర్వాత జవాబు రాసి అంటించారు. "క్షమించండి. ఏడ్చేది హరిమ్. ఒక సంగతి చెప్పండి. పదిహేడేళ్ళ పిల్ల 'నా హృదయం ముక్కలైంది' అంటుందా?"

మర్నాడు మళ్ళీ కుందేలు. "అంటే పక్కనున్న పిల్లకి వాంతొస్తుంది. 'సర్లే, వదిలెయ్' అంటుంది. అని వదలదు."

అలా మొదలైంది. గుండ్రటి అక్షరాలు, కుందేలు కాగితం, చరిత్ర పాఠం. ఆఖరి సంవత్సరం చదివే పిల్ల అని ఒక్‌జు గారు తీర్మానించుకున్నారు. నన్ను అడగలేదు. ఆవిడ ఏమనుకుంటున్నారో నాకూ తెలియలేదు. ఆ శరత్కాలంలో ఆవిడ మెట్లు ఎక్కే చప్పుడే మారింది. తలుపు తీసి ముందు బల్లవైపు చూసేవారు, కిటికీలో ఉత్తరం కోసం చూసినట్టు.

అక్టోబరు చివర ధైర్యం చేసి, గుమ్మంలో హరిమ్ అమ్మతో ఏమంటుందన్న అసలు ప్రశ్న అడిగారు. జవాబు రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చింది.

"బూట్లు విప్పదు. గుమ్మంలోనే నిలబడి, 'అమ్మా, ఇవాళ ఒక్కరోజు నన్ను పేరు పెట్టి పిలవకు' అంటుంది."

ఆ సాయంత్రం ఆవిడ ఆరు పెన్సిళ్ళూ మొద్దుబారాక ఇంకో రెండు చెక్కారు. వారం తర్వాత మెట్ల మీద ఫోన్లో ఎడిటర్ గొంతు నాకూ వినపడింది. "బతికిందండీ! ఈ పిల్ల బతికింది!" ఆ మాట చెప్పుకోవడానికి ఆవిడకి నేను తప్ప ఎవరూ లేరు. నాకు చెప్పారు.

నవంబరులో కాలేజీ ప్రవేశపరీక్ష. రెండురోజుల ముందు, కాలేజీలో సీటు జిగురులా అతుక్కోవాలని, మా ఆనవాయితీ ప్రకారం పిల్లల బల్లలమీద జిగురు మిఠాయి పెట్టాను. పరీక్ష మర్నాడు గది నీళ్ళు వెనక్కిపోయిన రేవులా ఉంది. ఆఖరి సంవత్సరం పిల్లలు ఒక్కరూ లేరు. ఒక్‌జు గారు పదిహేడో సీటు వైపు చూడకుండా వచ్చి కూర్చున్నారు. ఆరింటికి నా బల్ల దగ్గరికి వచ్చారు, చేతిలో కుందేలు చీటీ.

"ఇది ఇవాళ్టిది. పాపం, పరీక్ష రాయలేదా ఈ పిల్ల?"

"ఏ పిల్లండీ?"

"పదిహేడు."

"బోరా పరీక్ష ఏప్రిల్లో కదా. గవర్నమెంటు ఉద్యోగానిది. ఆరుసార్లు తప్పింది. ముప్ఫై మూడేళ్ళు తనకి. ఆ కుందేలు కాగితాలు వాళ్ళ అక్క కూతురు పారేసినవి."

ఒక్‌జు గారు చేతిలోని చీటీ మళ్ళీ మొదటినుంచి చదివారు.

టీ గదిలో మాత్రం మాట్లాడుకోవచ్చు. మర్నాడు వాళ్ళిద్దర్నీ అక్కడే కలిపాను. బోరా పొడుగాటి మనిషి. తల వంచుకుని కప్పులో నూడుల్స్ కలుపుతోంది.

"మీరా! నేను ఎవరో ముసలావిడ జపం చేసుకుంటోందనుకున్నా మొదట్లో."

"నేను నిన్ను బడిపిల్లవనుకున్నానమ్మా."

"బడిలోనే ఉన్నా, ఇంకా వదల్లేదు" అని నవ్వింది. నవ్వు తొందరగా అయిపోయింది.

ఒక్‌జు గారు సంచీలోంచి ఆ అధ్యాయం తీసి ఇచ్చారు. జనవరిలో అచ్చుకి వెళ్తుందని చెప్పారు. బోరా చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. నూడుల్స్ చల్లారిపోతున్నాయి.

"ఈ మాట తీసెయ్యండి, రచయిత్రిగారూ."

"నువ్వే ఇచ్చావు కదా?"

"ఇచ్చాను. అచ్చవుతుందనుకోలేదు. ప్రతి ఏడూ ఈ మాట నోటిదాకా వస్తుంది. అమ్మ చారు వేడిచేస్తూ ఉంటుంది. మింగేస్తాను. నేనింకా అనలేదండీ. మీ హరిమ్ ముందే అనేస్తే, నాకేం మిగులుతుంది?"

ఒక్‌జు గారు కాగితాలు తీసుకుని సంచీలో పెట్టుకున్నారు. నేను టీ పోశాను, ఎవరూ తాగలేదు.

తర్వాత నాలుగు రోజులు ఆవిడ రాలేదు. అయిదో రోజు వచ్చి, సీటుకి వెళ్ళకుండా మెట్ల మీద నిలబడే ఫోన్ చేశారు. "ఆ ఒక్క వాక్యం తీసెయ్యండి" అన్నారు. అవతల ఎడిటర్ గట్టిగా అరుస్తున్నాడు. పుస్తకమంతా దానిమీదే నిలబడి ఉందంటున్నాడు.

"నిలబడలేకపోతే కూలబడనీ. అది నాది కాదు."

అచ్చు వాయిదా వేయించి, దాని బదులు ఏం పెట్టాలో చలికాలమంతా వెతికారు. ఎన్నో రాశారు, ఎన్నో చెరిపారు. బోరాని అడగలేదు. బోరా కూడా చీటీ పెట్టలేదు. రెండు దీపాలు పక్కపక్కనే వెలిగేవి, మధ్యలో చెక్క.

ఏప్రిల్లో పరీక్ష అయింది. ఆ మర్నాటినుంచి బోరా రాలేదు. పుస్తకాలు పట్టుకెళ్ళడానికి వాళ్ళ అక్క వచ్చింది. పాసైనవాళ్ళూ ఇక్కడికి తిరిగి రారు, విసిగి వదిలేసినవాళ్ళూ రారు. నేను అడగలేదు. ఆ మాట వాళ్ళమ్మతో అందో లేదో అక్కకి మాత్రం ఏం తెలుస్తుంది?

జూన్‌లో నవల వచ్చింది. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. బోరా కోసమని ఒక్‌జు గారు ఒక ప్రతి నా బల్లమీద పెట్టి వెళ్ళారు. ఎవరూ అడగలేదు కనక నేనే చదివాను. హరిమ్ పరీక్ష తప్పి ఇంటికి వస్తుంది. బూట్లు విప్పి, సరిగ్గా పక్కన పెడుతుంది. లోపలినుంచి అమ్మ పేరు పెట్టి పిలుస్తుంది.

హరిమ్ పలుకుతుంది.