పూల కుర్తా, గళ్ల ప్యాంటు, చుక్కల చున్నీ

ఆ వయసులో నాకు అమ్మ మాట కంటే, బాపు మాట కంటే, ఫోన్‌లో వీడియోలు పెట్టే ముక్కూ మొహం తెలియని ఒక అమ్మాయి మాట మీదే గురి ఎక్కువ. అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. ఎడపల్లిలో ఇల్లు, ఇంటి వెనక చెరుకు, చేతిలో కొత్త ఫోన్. ఒళ్లంతా ఒకే డిజైను వేసుకోవడం పాతకాలపు పద్ధతి అనీ, పూలూ గళ్లూ చుక్కలూ కలిపి వేసుకునే ధైర్యం ఉన్నవాళ్లకే స్టైల్ తెలిసినట్టనీ ఆ అమ్మాయి ఒకరోజు సెలవిచ్చింది. షరతు ఒక్కటే, అన్నిటిలోనూ ఏదో ఒక రంగు ఉమ్మడిగా ఉండాలట. నా బీరువా వెతికితే అరచేయంత పొద్దుతిరుగుడు పూలున్న కుర్తా, పసుపూ నలుపూ గళ్ల ప్యాంటు, పసుపు చుక్కల ఎర్ర చున్నీ దొరికాయి. (ఆ ప్యాంటును దుకాణంవాడు సగం ధరకే ఎందుకిచ్చాడో అప్పట్లో నేను ఆలోచించలేదు.)

ఆ అవతారాన్ని తొలిసారి బయటపెట్టింది అవ్వను నిజామాబాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున. అవ్వ అంటే బాపును కన్నతల్లి. ఇంట్లో అంత పెద్ద పని నాకు ఒప్పగించడం అదే మొదలు. వాకిట్లోకి రాగానే బాపు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఈసారి చెరుకు సుట్టు పాత చీరెలు కట్టుడు బంద్ వెట్టొచ్చు. నువ్వు గట్టు మీద నిలవడితె సాలు బిడ్డా, ఒక్క అడివి పంది రాదు" అన్నాడు. "అన్నిట్ల పసుపున్నది బాపూ, గదే మ్యాచింగ్" అని వివరించబోయాను. అవ్వ ఊరుకుంటుందా? "అన్ని కూరలల్ల పసుపుంటది. అన్నీ ఒక్కతాన కలిపి తింటమా?" అంది.

ఆసుపత్రిలో పరీక్ష కోసం అవ్వ కళ్లలో మందు వేశారు. సాయంత్రం దాకా చూపు మసకగానే ఉంటుందన్నారు. బస్టాండులో ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, "ఈడనే ఉండవ్వా, బోధన్ బస్సు ఎప్పుడో అడిగొస్త" అని వెళ్లాను. (మా ఎడపల్లి బోధన్ దారిలోనే.) తిరిగొచ్చేసరికి అవ్వ లేదు. పక్కనున్నావిడను అడిగితే, "గా ముసలామెనా? పూల చీరె కట్టుకున్న ఒకామె ఎంబడి పోయింది" అంది. మసక చూపుకు ఆ చీర పూలే నా పూలై ఉంటాయి.

కదులుతున్న ఆర్మూర్ బస్సును ఆపి ఎక్కి చూశాను. బాన్సువాడ బస్సులో చూశాను. అవ్వ దగ్గర ఫోన్ లేదు, కళ్లకు చూపు లేదు, బయట రోడ్డు నిండా లారీలు. బాపుకు ఫోన్ కలపబోయి మళ్లీ కట్ చేశాను. ఏడుస్తూ చున్నీతో ముక్కు తుడుచుకున్నాను. (చుక్కల్లో మరకలు కనబడవు. ఆ సౌకర్యం గురించి ఫోన్ అమ్మాయి చెప్పలేదు.)

అప్పుడు మైకు గరగరలాడింది. "ప్రయాణికులకు గమనిక. ఎడపల్లికి వెళ్లవలసిన అమ్మాయి తప్పిపోయింది. పూల కుర్తా, గళ్ల ప్యాంటు, చుక్కల చున్నీ. ఎక్కడ కనిపించినా ఎంక్వయిరీ దగ్గరికి పంపగలరు." రెండోసారి చదువుతుంటే మైకులోని ఆయనకే అనుమానం వచ్చినట్టుంది, "అన్నీ ఒక్క పిల్లనే ఏసుకున్నదట" అని కలిపాడు.

బస్టాండు బస్టాండంతా నా వైపు తిరిగింది. బత్తాయిల బండి దగ్గరి తాత, "అరే బేటీ, నువ్వే గదా! ఉరుకు, నిన్నే పిలుస్తున్నరు!" అని అరిచాడు. ఒక మరాఠీ ఆవిడ "తికడే, తికడే" అంటూ చెయ్యి చాపి దారి చూపింది. జీవితంలో అంతమంది నా బట్టల్ని అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు, అదే చివర. నాకు మాత్రం సిగ్గుపడే తీరిక లేదు. పరుగెత్తాను.

అవ్వ ఎంక్వయిరీ గదిలో కుర్చీ మీద కూర్చుని చాయ్ తాగుతోంది. "ఏడికి వొయినవే? నీ పూలు సూస్కుంట బస్సుదాంక పోయిన. దగ్గరికి పోయి మొకం జూస్తె నువ్వు గాదు. పాపం ఆమెనే నన్ను ఈడికి తోల్కొచ్చింది" అంది.

"నేను తప్పిపోలే అవ్వా, నువ్వు తప్పిపోయినవ్!"

"నేను కుర్సీల సల్లగ కూసున్న. ఉరుకుతున్నది నువ్వు."

వాదించే ఓపిక లేక ఆమె ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. "ఊకో బిడ్డా, దొరికినవ్ గదా" అని వీపు నిమిరింది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక నా చున్నీ కొసను తన కొంగుకు ముడివేసి, నిశ్చింతగా నిద్రపోయింది. ఎడపల్లి వచ్చేదాకా నేను అటూఇటూ కదల్లేదు. అంత హాయిగా నేనెప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు.

ఇప్పుడు నిజామాబాద్‌లోనే ఉద్యోగం. మొన్న బట్టల దుకాణంలో ఒక కాలేజీ పిల్ల చారల చొక్కా మీద చిరుతపులి మచ్చల చున్నీ వేసుకుని, అద్దంలో ఎటు తిరిగినా తనకు తానే నచ్చేస్తూ నిలబడి ఉంది. వాళ్లమ్మ నావైపు తిరిగి, "జర మీరన్న చెప్పున్రి మేడం" అంది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆ పిల్ల మొహం చూసి, "మస్తుగున్నది" అన్నాను. అబద్ధమేమీ కాదు. తర్వాత ఎప్పటిలాగే నాకోసం ఒక సాదా బూడిదరంగు కుర్తా తీసుకుని ఇంటికి వచ్చాను.