దేవసహాయం గారి ఎర్ర లైటు

ముందే ఒప్పేసుకుంటున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాదు నేను. నన్ను దోమ కుట్టిందని చెబితే, విన్నవాళ్లు పరామర్శకు బత్తాయిలు పట్టుకుని వస్తారు. కాబట్టి కింద ఎక్కడైనా కొలతలు కనిపిస్తే సగానికి కోసుకుని చదవండి. మనుషుల్ని మాత్రం కోయకండి.

మొన్న సెల్‌ఫోన్ చార్జింగ్ పిన్ను మార్పించడానికి వన్ టౌన్‌లో ఒక కొట్టు ముందు నిలబడ్డాను. మెకానిక్ సోల్డరింగ్ ఐరన్‌ని పేస్టులో ముంచాడు. చుయ్ మంటూ సన్నటి పొగ లేచింది. ఆ వాసనకి కళ్లు మూసుకుని మెడ ముందుకు చాచాను. "పొగ పడదా సార్?" అన్నాడతను కంగారుగా. "భేషుగ్గా పడుతుంది, ఇంకాస్త రానీ" అన్నాను. నన్ను అదోలా చూశాడు. అతని తప్పేం లేదు. దేవసహాయం గారిని అతను ఎరగడు.

డిగ్రీ పాసై, ఏ ఉద్యోగమూ నన్ను పాస్ చేయక, ఇరవై నాలుగేళ్ల వయసులో మా మేనమామ పెట్టిన వీడియో గేమ్స్ పార్లర్‌కి మేనేజరునయ్యాను. బట్టల హోల్‌సేల్ కొట్ల వెనక సందులో, రెండు గోడౌన్ల మధ్య ఇరుక్కున్న గది. నాలుగు మిషన్లు. వాటి బటన్ల మీద రోజూ పడే దెబ్బలన్నీ కలిపితే ప్రకాశం బ్యారేజీ గేట్లు వంగిపోయేవి. వారానికోసారి బటన్ల కింది స్విచ్‌లు చచ్చి ఊరుకునేవి. అప్పుడు దేవసహాయం గారికి కబురు వెళ్లేది. ఆదివారం చర్చిలో మైకు సెట్టు, మిగతా ఆరు రోజులూ రేడియోలు, టీవీలు, మా బటన్లు, ఇదీ ఆయన లోకం. ఆయన కళ్లద్దాలు ఎంత మందమంటే, వాటిలోంచి చూస్తే రాబోయే మంగళవారం కనిపించేది. ఆయన సంచీలో స్క్రూడ్రైవరు కోసం చెయ్యి పెడితే మోచేతి దాకా మునిగేది. నన్ను "మేనేజరు గారూ" అని పిలిచేవారు. వెటకారం లేకుండా ఆ మాట అన్నది లోకంలో ఆయనొక్కరే.

మా పార్లర్‌కి రోజూ వచ్చేవాళ్లలో కోటయ్య ఒకడు. మిరపకాయల గోడౌన్‌లో హమాలీ. మనిషి నడిచొస్తుంటే సందులో ఆటోలు రివర్సు గేరు వేసేవి. అతనికి అంతరిక్షంలో విమానం నడుపుతూ శత్రువుల్ని కాల్చే ఆటంటే ప్రాణం. గుండుకోసారి బటన్ నొక్కాలి, ఎంత వేగంగా నొక్కితే అన్ని గుండ్లు. ఒకసారి లారీ వెనక తలుపు పడి అతని కుడిచేతి వేళ్లు నలిగాయి. కట్టు విప్పాక వేళ్లు ఉన్నాయి గానీ వేగం పోయింది. అయినా వచ్చేవాడు. ఒక్క నిమిషంలో ఆట అయిపోయేది. "ఇంకొకటి ఆడతావా కోటయ్యా?" అంటే, "వద్దులే శీనుబాబూ, చూస్తా" అని గోడకి ఆనుకునేవాడు. అంత పెద్ద మనిషి అంత తక్కువ చోటులో నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

ఒకరోజు బటన్లు మారుస్తూ దేవసహాయం గారు అది గమనించారు. మర్నాడు అగ్గిపెట్టెంత సర్క్యూట్ ఒకటి చేసుకొచ్చారు. ఎనిమిది కాళ్ల చిప్పు, దాని చుట్టూ పప్పుగింజల్లా నాలుగు ముక్కలు. బటన్‌ని ఒక్కసారి నొక్కి పట్టుకుంటే చాలు, టకటకా నొక్కుతూనే ఉన్నట్టు అది మిషన్‌ని నమ్మిస్తుంది. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడే ఆ మిషన్‌లో ఎడమవైపు సీటు బటన్‌కి దాన్ని కలిపి, కోటయ్యని పిలిచారు.

"దెబ్బ తగలకముందు ఎలా నొక్కేవాడివో, ఎడం చేత్తో ఈ బల్ల మీద కొట్టి చూపించు."

కోటయ్య సిగ్గుపడుతూ కొట్టాడు. ఆయన కళ్లు మూసుకుని విని, సర్క్యూట్ మీద చిన్న మరని తిప్పుతూ ఆ వేగానికి తెచ్చి ఆపేశారు.

"ఇంకాస్త పెంచండి మాస్టారూ, దున్నేస్తాడు!" అన్నాను.

"నీ తొందర నీ దగ్గరే ఉంచుకో. మరీ పెంచితే మిషనే సగం నొక్కుళ్లు మింగేస్తుంది. అయినా అతనిది అతనికి ఇస్తున్నానయ్యా. అంతకు మించి ఇస్తే, ఆడేది కోటయ్య కాదు, నేను."

తరవాత సర్క్యూట్‌కి ఒక స్విచ్చి పెట్టి, పక్కన ఎర్ర లైటు బిగించారు. స్విచ్చి వేస్తే లైటు వెలుగుతుంది. గది మొత్తానికి కనిపిస్తుంది.

"లైటెందుకండీ? ఎవరికీ తెలియకపోతే నీటుగా ఉంటుంది కదా."

"అందరికీ తెలియాలి. తెలిసి ఊరుకుంటే వాళ్ల మంచితనం. తెలియకుండా చేస్తే మన దొంగతనం."

ఆ రోజు కోటయ్య గంటసేపు ఆడాడు. లైటు వెలుగుతూనే ఉంది, ఒక్కరూ మాట అనలేదు. పైగా వెనక నిలబడి "కుడివైపు చూడు కోటయ్యా, కుడివైపు!" అని అరిచారు. అప్పటినుంచీ అదే పద్ధతి. కోటయ్య ఆడితే స్విచ్చి వేస్తాం, మిగతావాళ్లు ఆడితే తీసేస్తాం.

ఇక నా ఘనకార్యం. కంకిపాడు నుంచి రాంబాబు అని ఒకడు వచ్చేవాడు. మా మిషన్‌లో మొదటి పేరు వాడిదే. "మేనేజరువి, నీ మిషన్ మీద నీ పేరే లేదే!" అనేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం పందెం వేసుకున్నాం. వన్ టౌన్ సగం మా గదిలోనే ఉంది, మిగతా సగం కిటికీకి వేలాడుతోంది. వాడి ఆట అయ్యాక నేను ఎడమవైపు కూర్చున్నాను. అప్పటికే స్విచ్చి వేసి, లైటు మీద నల్లటేపు ముక్క అతికించాను. నా విమానం చెలరేగిపోయింది. రాంబాబు స్కోరు ఇంకో అడుగు దూరంలో ఉంది.

వెనక నుంచి కోటయ్య సంబరంగా అరిచాడు. "శీనుబాబూ, అచ్చం నేను కొట్టినట్టే ఉందయ్యా చప్పుడు!"

పాపం, మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. రాంబాబు వంగి చూసి టేపు పీకాడు. ఎర్ర లైటు వెలిగింది.

గది గోలెత్తింది. "దొంగాట!" "అసలా సర్క్యూటే పీకెయ్యండి!" "వీళ్ల మామయ్యకి చెబుదాం పదండి!" కోటయ్య మళ్లీ గోడకి ఆనుకున్నాడు. ఆ మాట మామయ్య దాకా వెళితే అతని ఆట ముగిసినట్టే. చర్చి నుంచి అప్పుడే వచ్చిన దేవసహాయం గారు గుమ్మంలో సంచీతో నిలబడి ఉన్నారు.

నేను స్టూలెక్కాను. "తప్పు నాది! కోటయ్య బటన్ జోలికి వస్తే నా శవం మీదుగా రండి!" అని గర్జించాను. పక్క గోడౌన్ రేకులు అదిరాయి. జనం చల్లబడ్డారు. రాంబాబు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పార్లర్ మూతపడేదాకా కోటయ్య బటన్ అలాగే ఉంది.

దేవసహాయం గారు ఇప్పుడు లేరు. ఆయన వల్ల నాకొక అలవాటైంది. ఎవరి చేతి సాయంతోనైనా ఏ పని చేసినా, వాళ్ల పేరు అడగకముందే చెప్పేస్తాను. నా రాతల్లో మంచి వాక్యం కనిపిస్తే, అది మా ఆవిడ దిద్దిందని సభల్లో కూడా చెబుతాను. ఆవిడ వద్దంటుంది. నేను మానను.

ఇక నేను కల్పించిందేదో చెప్పాలి. కళ్లద్దాలు, ఆటోలు, రేకులు సరే, మీరు ఎప్పుడో కోసేసుంటారు. కల్పించింది స్టూలు. నేను ఎక్కలేదు. అసలు నోరే తెరవలేదు. గుమ్మంలోంచి దేవసహాయం గారే ముందుకొచ్చి, "లైటు కళ్లల్లో పడుతోందని టేపు నేనే వేశానయ్యా. పొద్దున చర్చికి వెళ్లేముందు టెస్టింగ్ చేసి, స్విచ్చి తీయడం మరిచిపోయాను. శీనుకి తెలీదు" అన్నారు. "పెద్దాయనకి మతిమరుపు" అని నవ్వుతూ జనం వెళ్లిపోయారు. పని సరిగ్గా చేస్తాడనే పేరు తప్ప వేరే ఆస్తి లేని మనిషిని ఆ తరవాత చాలాకాలం ఆ సందులో "ఏం మాస్టారూ, స్విచ్చి తీశారా?" అని ఆటపట్టించారు. ఆయన నవ్వేసేవారు. నేనూ పక్కనే ఉండేవాణ్ని.

మర్నాడు ఆయన మిషన్ విప్పుతుంటే వెళ్లి, "నిన్న..." అని మొదలుపెట్టాను. ఆయన తలెత్తలేదు. "ఆ ప్లయరు అందుకో" అన్నారు. అందించాను. నేను ఆయనకి చెప్పుకున్న క్షమాపణ మొత్తం అంతే. దాన్నే పూర్తిగా తీసుకున్నట్టు, "ఊఁ, కూర్చో. ఈ వైరు పట్టుకో" అన్నారు.