మగపెళ్ళివారి పడవలో బేస్ గిటారు

మా ఊరు ఉప్పలగుప్తం దగ్గర. కోనసీమలో ఎక్కడ పెళ్ళి జరిగినా, ఓణీల ఫంక్షన్ జరిగినా, పిలుపు వస్తే బేస్ గిటారు వీపుకి తగిలించుకుని బస్సులోనో ఆటోలోనో వెళ్ళి వాయించి వస్తాను. నాకు కారు లేదు. మోటారు సైకిలూ లేదు. ఈ రెండో మాట చెబితే జనం నమ్మరు. కొబ్బరి దింపు తీసేవాళ్ళ దగ్గర్నుంచి గుడి పూజారిగారి దాకా అందరూ కాలవగట్టు మీద ఒంటిచేత్తో బండి నడిపే ప్రాంతం ఇది. నేనూ ఒకసారి నేర్చుకున్నాను. గేదె అడ్డొచ్చింది. గేదె గట్టు మీదే ఉండిపోయింది, నేనూ బండీ కాలవలోకి వెళ్ళాం. ఆ రోజుతో ఆ విద్యకి దండం పెట్టేశాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మా ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది.

ఊరికి తిరిగి రాకముందు కొన్నేళ్ళు హైదరాబాదులో వాయించాను. అక్కడా నాకు బండి లేదు. అక్కడ బండి లేకపోతే అది నా ఒక్కడి కష్టం. మెట్రో ఎక్కి, దిగి, నడిచి, ఎలాగోలా చేరేవాణ్ణి, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఇక్కడ బండి లేకపోతే అది ఊరందరి సమస్య. బస్టాపులో నిలబడితే చాలు, ఎవరో ఒకరు ఆగి, "ఏవండీ, బండి రిపేరాండీ?" అని అడుగుతారు. లేదండీ, అసలు బండే లేదు అంటే, ఎవరో పోయారని విన్నట్టు ముఖం పెడతారు.

బండి తరవాత వాళ్ళ దృష్టి గిటారు మీద పడుతుంది. "గిటారుకి ఆరు తీగలుండాలికదండీ, రెండు తెగిపోయేయాండీ?" అని ఒక కండక్టరుగారు అడిగారు. లేదండీ, దీనికి నాలుగే అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ రూటులో నేను కనిపించినప్పుడల్లా, "ఇంకా వేయించలేదాండీ?" అని పలకరించేవారు. కొన్నాళ్ళకి నేనూ, "వేయించాలండీ, కుదరటం లేదు" అనడం మొదలుపెట్టాను. ప్రయాణం సుఖంగా సాగేది.

పాటలో అన్నిటికన్నా కింది స్వరం బేస్ గిటారుది. అది ఉన్నంతసేపూ ఉందని ఎవరికీ తెలియదు. ఆగిపోతే మాత్రం ఏదో పోయిందని తెలుస్తుంది, ఏం పోయిందో చెప్పలేరు. ఎవరైనా అడిగితే నేను ఇలాగే చెబుతాను. ఇది నిజమో కాదో పరీక్షించుకునే అవసరం నాకు చాలాకాలం రాలేదు.

మా ఆర్కెస్ట్రా యజమానిది అమలాపురం. కీబోర్డు ఆయనే వాయిస్తారు. ఇదివరకు ఒక వ్యాను ఉండేది, అందరం అందులో వెళ్ళేవాళ్ళం. అది పాతబడిపోయిందని ఆయన అమ్మేసి, ఇకమీదట ఎవరి బండి మీద వాళ్ళు రావాలన్నారు. ఆయనకి కారు ఉంది. దాని నిండా సౌండు బాక్సులు పడతాయి, ఆయనే కష్టం మీద పడతారు. తరవాత రెండు ప్రోగ్రాములకి నేను ఆలస్యంగా చేరాను. ఒకసారి బస్సు చెడిపోయింది, ఒకసారి బస్సు రాలేదు. రెండోసారి అయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యి వేశారు.

"మాస్టారూ, ఇలాగైతే కుదరదండీ. నా కీబోర్డులోనూ బేస్ ఉందికదండీ, ఎడంచేత్తో లాగించేస్తాను. వచ్చేవారం లంకలో పెళ్ళికి చూద్దాం. టయానికి వచ్చేరా, సరే. లేదంటే ఇంక మీకెందుకండీ ఈ శ్రమ?"

మా ప్రాంతంలో మనిషిని పనిలోంచి తీసేసేటప్పుడు కూడా వాడి శ్రమ తగ్గిస్తున్నట్టే చెబుతారు. నేను ఆయ్, సరేనండీ అన్నాను. నిజం చెప్పాలంటే భయం వేసింది. నలభై దాటినవాణ్ణి, నాకు ఇది తప్ప ఇంకో పని రాదు. వచ్చినా ఈ పని మీద ఉన్న ఇష్టం దాని మీద ఉండదు.

ఆ పెళ్ళి పి.గన్నవరం దాటాక, గోదావరి మధ్యలో ఉన్న ఒక లంక ఊళ్ళో. ముహూర్తం రాత్రికి. సాయంత్రం నాలుగింటికి మగపెళ్ళివారు దిగుతారు, వాళ్ళు టిఫిన్లు చేసి వచ్చేసరికి పాటకచేరి మొదలవ్వాలి. యజమాని పొద్దున్నే, బండ్లు ఎక్కించే పంటు మీద కారుతో సహా గోదావరి దాటేశారు. నేను భోజనం కూడా చెయ్యకుండా బయల్దేరి, రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి, మూడు కాకుండానే రేవులో ఉన్నాను. ఇంత ముందుగా నేను నా పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

రేవులో ఒకటే పడవ ఉంది. అది మగపెళ్ళివారి కోసం మాట్లాడిన పడవ, వాళ్ళు ఎక్కుతున్నారు. ఇంకో పడవ ఎప్పుడొస్తుందని సరంగుని అడిగేలోపే ఒక పెద్దాయన చెయ్యి అందించి, "రండి రండి, జాగ్రత్తండీ" అని నన్ను లోపలికి లాగేశారు. గిటారుని ఇద్దరు ఆడవాళ్ళు సర్దుకుని వాళ్ళ మధ్యన కూర్చోబెట్టారు.

నా ఒంటిమీద ఆర్కెస్ట్రా యూనిఫారం ఉంది. నీలం కోటు, వెండిరంగు గుండీలు. ఆ పడవలో పెళ్ళికొడుకు తరవాత అంత ఘనంగా ముస్తాబైన మనిషిని నేనే. నన్ను, ఆడపెళ్ళివారు తమని తోడ్కొని రావడానికి పంపిన పెద్దమనిషి అనుకున్నారని నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. "విడిది రేవుకి దగ్గరేనాండీ?" అని పెద్దాయన అడిగారు. "దగ్గరే ఉండాలండీ" అన్నాను. "ఏర్పాట్లవీ?" అన్నారు. "బాగానే చేసుంటారండీ" అన్నాను. ఆయన తృప్తిగా తల ఊపారు. మీరెవరండీ అని మాత్రం అడగలేదు. పెళ్ళికి వచ్చిన మనిషిని ఎవరని అడగడం గోదావరి జిల్లాల్లో ఎవరివల్లా కాదు. అడిగాక ఆ మనిషి దగ్గరి చుట్టమని తేలితే ఆ చుట్టరికం అక్కడితో సరి.

అవతలి ఒడ్డున ఆడపెళ్ళివారు సన్నాయితో ఎదురుకోలుకి నిలబడి ఉన్నారు. పడవ తగలగానే పన్నీరు చల్లారు, మెడకి గంధం రాశారు, పానకం చేతిలో పెట్టారు. నేను దిగి పక్కకి తప్పుకుందామని చూశాను. ఒకాయన ఎదురొచ్చారు, పెళ్ళికూతురి పెదనాన్నగారట, తెల్లపంచె, పట్టుకండువా, మనిషి పెద్ద విగ్రహం. నా కోటు చూశారు, గుండీలు చూశారు, నా మోచెయ్యి పట్టుకున్నారు.

"రండి బావగారూ, ముందు మీరు నడవండి."

నేను ముందు నడిచాను. ఊరేగింపు నా వెనకాల వచ్చింది.

విడిదిగా ఇచ్చిన డాబాలో నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఆకులో పెసరట్టు ఉప్మా, మడతకాజా వడ్డించారు. నాలుగు దాటింది. ఇంక లాభం లేదని లేచి నిలబడి చెప్పేశాను. "ఏవండీ, నేను మగపెళ్ళివారి మనిషిని కాదండీ. పాటకచేరి వాణ్ణి. నేను వెళ్ళిపోవాలండీ."

పెదనాన్నగారి ముఖం పాలిపోయింది. మడతకాజా వడ్డిస్తున్న మనిషి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నేను చేసిన పొరపాటు ఏమిటో ఈ ప్రాంతంవాణ్ణయి ఉండి కూడా నాకు వెంటనే తట్టలేదు. మగపెళ్ళివారితో పడవ దిగి, గంధం రాయించుకుని, పానకం తాగినవాడు ఆకు ముందు నుంచి లేచి "నేను మగపెళ్ళివారి మనిషిని కాను, వెళ్ళిపోతాను" అన్నాడంటే దానికి మా వైపు ఒకటే అర్థం. అలిగాడు. పాటకచేరి వాణ్ణి అన్న మాటని వెటకారం కింద జమకట్టుకున్నారు. అలిగినవాడు వెటకారం ఆడక ఇంకేం చేస్తాడు?

"ఏం లోపం జరిగిందండీ, బావగారూ? పానకంలో మిరియాలు ఎక్కువయ్యాయాండీ?" అన్నారు పెదనాన్నగారు. లోపం ఏమీ లేదండీ అన్నాను. లోపం లేదన్నకొద్దీ అలక ముదురుతోందని ఆయనకి భయం పట్టుకుంది. పెళ్ళికొడుకు తండ్రిగారిని పిలుచుకొచ్చి, "తమరివారు కొంచెం మనసు కష్టపెట్టుకున్నారండీ" అన్నారు.

పెళ్ళికొడుకు తండ్రిగారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. పడవలో ఆ చివరన కూర్చున్నారేమో, ఆయనకి ఇది ఎప్పుడూ చూసిన ముఖం కాదు. కానీ నలుగురి ముందూ సొంత బంధువుని గుర్తుపట్టకపోతే పరువు ఏం కావాలి? బహుశా భార్య తరఫువాడు అయి ఉంటాడని ఆయనకి తోచి ఉండాలి. నిట్టూర్చి, "ఆయన మొదట్నుంచీ అంతేనండీ" అన్నారు.

అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడ్డాను. జేబులో ఫోను మోగింది. యజమాని.

"ఎక్కడున్నారు మాస్టారూ?"

"విడిదిలో ఉన్నానండీ. టిఫిను పెడుతున్నారు, వదలటం లేదు."

"తినండి, తినండి" అని ఆయన ఫోను పెట్టేశారు.

పెదనాన్నగారు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేను మళ్ళీ ఆకు ముందు కూర్చున్నాను. తిని లేస్తే అలక తీరినట్టే కదా అని గబగబా తినబోయాను. తింటున్న కొద్దీ వడ్డించారు. ఇంతలో కొబ్బరితోట అవతల పాటకచేరి మొదలైంది.

మా ఆర్కెస్ట్రాని దూరంగా కూర్చుని వినడం నాకు అదే మొదటిసారి. నేను లేకుండా ఎలా ఉంటుందో కూడా మొదటిసారే. చెవులు రిక్కించి విన్నాను. ఎడమచేతి బేస్ వినిపించింది. బాగానే ఉంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు. విడిదిలో జనం కాళ్ళు ఊపుతున్నారు, పిల్లలు గెంతుతున్నారు, ఏదో పోయిందని ఎవరి ముఖంలోనూ లేదు. ఇన్నేళ్ళూ నేను జనానికి చెబుతూ వచ్చిన మాట అబద్ధం అన్నమాట. అక్కడ అంతమంది మధ్య, గంధం పూసుకుని, ఏడవడానికి వీల్లేక ఊరుకున్నాను.

మా గాయనిది రాజోలు. నాకన్నా కొంచెం పెద్ద, అక్కగారూ అని పిలుస్తాను. ఆవిడ స్టేజి మీద ఎప్పుడూ నా పక్కనే నిలబడతారు. నా పక్కన ఫ్యాను ఉంటుంది కాబట్టి అనుకునేవాణ్ణి. రెండో పాటలో చరణం ముందు సంగీతం అయిపోయింది, ఆవిడ అందుకోలేదు. ఒక అర క్షణం ఆలస్యంగా అందుకున్నారు. జనానికి తెలియదు, నాకు తెలిసింది. రెండో చరణం దగ్గరా అంతే. ఈసారి ముందే అందుకుని, ఆగి, మళ్ళీ ఎత్తుకున్నారు. ఇన్నేళ్ళలో ఆవిడ అలా తడబడటం నేను వినలేదు.

పాట అయింది. మూడోది మొదలవ్వాలి. మొదలవ్వలేదు. మైకులోంచి ఆవిడ గొంతు వచ్చింది, వాడపల్లి గుళ్ళో శనివారం రద్దీలో తప్పిపోయినవాళ్ళ గురించి చెప్పే ధోరణిలో.

"అందరికీ నమస్కారమండీ. నీలం కోటు వేసుకుని, వీపున పొడవాటి నల్ల సంచితో ఉన్న మనిషి ఎవరికైనా కనపడితే దయచేసి స్టేజి దగ్గరికి పంపించాలండీ. ఆయనొచ్చేదాకా నేను మంచినీళ్ళు తాగుతానండీ."

విడిది మొత్తం నా వైపు తిరిగింది. పెళ్ళికొడుకు తండ్రిగారు కిటికీలోంచి గోదావరిని చూడటం మొదలుపెట్టారు. పెదనాన్నగారు నన్నూ, సంచినీ, మళ్ళీ నన్నూ చూసి, కుర్చీ పక్కకి జరిపారు. కోపగిస్తారనుకున్నాను. "పాటలవారైతే మాత్రం ఆకలెయ్యదాండీ? ఆ కాజా ఒక్కటీ నోట్లో వేసుకుని వెళ్ళండి" అన్నారు.

నేను కాజా నములుతూ స్టేజి ఎక్కాను. యజమాని నా వైపు చూడలేదు. గిటారుకి వైరు తగిలించి, శ్రుతి చూసుకుని, మూడో పాట మొదలుపెట్టాం. చరణం వచ్చింది. అక్కగారు ఎవరి వైపూ చూడకుండా సరిగ్గా అందుకున్నారు. తరవాత చీకటి పడేదాకా ఒక్క ఎత్తుగడా తప్పలేదు. జనం ఎప్పటిలాగే నన్ను పట్టించుకోలేదు. నాకు చాలా హాయిగా ఉంది.

కచేరీ అయ్యాక వైర్లు చుడుతుంటే యజమాని వచ్చారు. "చూసేరుకదా మాస్టారూ, ఎడంచేత్తో సరిపోయింది" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను వైరు చుడుతూనే ఉన్నాను.

"బాగా వాయించేరండీ" అని అక్కగారు ఆయనతో అన్నారు. "ఆ గిటారు వినపడక నాకే ఎత్తుగడ దొరకలేదు." తరవాత నా వైపు తిరిగారు. "తమ్ముడుగారూ, శుక్రవారం కొత్తపేట ప్రోగ్రాంకి మీరు బస్సు ఎక్కకండి. మేం కార్లో మీ ఊరి మీదుగానే వెళ్తాం. దారిలో ఎక్కించుకుంటాం."

ఆవిడ భర్త పక్కనే నిలబడి ఉన్నారు. చాలా ఏళ్ళు కువైట్‌లో కారు నడిపి వచ్చి, ఇప్పుడు ఇక్కడ సొంత కారు నడుపుతున్నారు. రాజోలు నుంచి కొత్తపేట వెళ్ళాలంటే పి.గన్నవరం మీదుగా వెళ్తారు. మా ఊరు పూర్తిగా ఇంకోవైపు, సముద్రం వైపు. అది యజమానికి తెలుసు, నాకు తెలుసు, ఆ ఇద్దరికీ తెలుసు. యజమాని నోరు తెరిచి, ఏదో అనబోయి, ఆవిడ ముఖం చూసి మూసుకున్నారు.

"దారేనండీ" అన్నారు ఆవిడ భర్త, చాలా నమ్మకంగా.

"అయితే ఇంకేవండీ, శుక్రవారం టయానికి వచ్చెయ్యండి మాస్టారూ" అన్నారు యజమాని.

శుక్రవారం నేను గిటారుతో మా వీధి అరుగు మీద కూర్చుని ఎదురుచూశాను. చెప్పిన వేళకి కారు వచ్చింది, మట్టి కొట్టుకుని ఉంది. వెనకే మా ఊరి టీకొట్టాయన సైకిలు మీద వచ్చి, నాతో, "వీళ్ళకి దొరికేరాండీ? ఇందాకట్నుంచీ పాపం ఈ ఊరికి దారేదని కనపడ్డవాళ్ళందర్నీ అడుగుతున్నారు" అన్నాడు. అక్కగారు వినపడనట్టు చున్నీ సర్దుకుని, గిటారుకి చోటు ఇవ్వడానికి పక్కకి జరిగారు.