గోడకు అటువైపు

మాట రాని బిడ్డకు మాట నేర్పాలా, లేక ఆమె చెప్పే తీరు మనమే నేర్చుకోవాలా? ఏళ్ల తరబడి నాలో నలుగుతున్న ప్రశ్న ఇది. దీనికి ఒక దారి చూపించిన మా పక్క క్వార్టరులో ఉండే కాక, నాకు చిన్నాన్న లాంటివాడు, పోయిన సోమవారం చనిపోయాడు.

మా పాపకు ఆటిజం. ఇప్పుడు పన్నెండేళ్లు. ఐదేళ్లప్పుడు ఒక సాయంత్రం నుదురు గోడకేసి కొట్టుకుంటోంది. "ఆగవే, ఆగు!" అని నేను అరుస్తున్నాను. అంతలో గోడ అవతలి నుంచి ఎవరో టక్కున ఒక్క దెబ్బ కొట్టారు. పాప ఆగింది. చెవి గోడకు ఆనించింది.

కాసేపటికి కాక వచ్చాడు. "ఏంది బిడ్డా, దానికంటె నీ లొల్లే ఎక్కువుంది," అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను.

కాక బొగ్గుబాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపిన టబ్బులను తాడుతో లాగే యంత్రం నడిపి రిటైరయ్యాడు. లోపలున్న మనిషి కనిపించడు, మాట వినిపించదు. గంట ఎన్నిసార్లు మోగిందో వినే తాడు నడపాలి, ఆపాలి. "బాయిల ఎవడు మాట్లాడుతడు బిడ్డా? కొట్టింది వినాలె. జవాబు రాకుంటె వాడు ఇంక గట్టిగ కొడ్తడు," అనేవాడు.

పాపకు అలాగే నేర్పాడు. ఒక దెబ్బంటే వద్దు, రెండంటే కావాలి. నెలలు పట్టింది. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ కూస్తే పాప చెవులు మూసుకునేది. అది ఆగగానే గోడకు రెండు కొట్టేది. అటు నుంచీ రెండు. స్నానం చేస్తున్నా కాక తడికాళ్లతో గోడ దగ్గరికి ఉరికొచ్చేవాడట. "నేను పిలిస్తె ఎన్నడన్న గిట్ల ఉరికినవా?" అని ఆయన భార్య, చిన్నమ్మ, దెప్పేది.

ఆయన్ను సాగనంపే రోజు పాపను ఇంట్లో ఉంచి గొళ్లెం పెట్టాను. అందరి ముందు నవ్వుతుందేమోనని భయం. పాడె లేస్తుంటే సైరన్ కూసింది. తర్వాత డప్పుల చప్పుడులో మా గోడ మీద రెండు దెబ్బలు. వినిపించాయో, వినిపించినట్టు అనిపించిందో.

అప్పటి నుంచి రోజూ కొడుతోంది. జవాబు లేదు. నిన్న మళ్లీ నుదురుతో కొట్టింది.

"నువ్వొచ్చి ఇటు దిక్కు నుంచి కొట్టరాదా బిడ్డా? దానికేం తెలుస్తది?" అంది చిన్నమ్మ. దానికి అన్నీ తెలుసని నన్ను నమ్మించింది కాకే కదా.

ఇవాళ పాపను మా ఆయన దగ్గర వదిలి కాక ఇంటికి వెళ్లాను. కాక చెయ్యి తగిలి తగిలి గోడ మీద ఒక్కచోట సున్నం నునుపు తేలింది. మా ఇంటి వైపు నుంచి రెండు దెబ్బలు వినిపించాయి. నేనూ రెండు కొడితే ఆయన ఉన్నాడని అబద్ధం చెప్పినట్టు. ఒకటి కొడితే కాకే తనను వద్దన్నట్టు. కొట్టకపోతే?

మళ్లీ రెండు. ఈసారి గట్టిగా.

ఆ నునుపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాను. ఏం చెయ్యాలో ఇంకా తేల్చుకోలేదు.