ఇన్‌స్పెక్షన్‌కి రంగేసుకున్న మోకాలు

బుద్ధి తక్కువ పని చేశానని ముందే ఒప్పుకుంటున్నాను. ఒంట్లో సత్తువ ఎంతుందో కొలిచి, దాన్నిబట్టి వ్యాయామం రాసిస్తాం రమ్మంటే, ఆ కొలతకి నేను వారం రోజులు చదువుకుని మరీ వెళ్ళాను. ఎత్తు కొలిచేటప్పుడు మునివేళ్ళ మీద నిలబడే మనుషులుంటారు చూడండి, నేను ఆ జాతి.

తప్పు సగం నాది. మిగతా సగం ముప్ఫై ఏళ్ళకి పైగా ఇక్కడి ఉక్కు కార్ఖానాలో క్రేన్లు రిపేరు చేయడంలో అబ్బిన అలవాటుది. పైనుంచి ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే ఎనిమిది రోజుల ముందే మా బ్యాచంతా చీపుళ్ళూ రంగు డబ్బాలూ పట్టుకునేవాళ్ళం. రెయిలింగులకి పసుపు రంగు, నేల మీద తెల్ల గీతలు. నూనె కారే చోటుంటే దాని ముందు భద్రతా సూక్తుల బోర్డు ఒకటి నిలబెట్టేవాళ్ళం. వచ్చినవాళ్ళు సూక్తి చదివి, మెచ్చుకుని, టీ తాగి వెళ్ళేవారు. నూనె మాత్రం తన మానాన తను కారేది.

రిటైరయ్యాక నా గుండెకి ఇన్‌స్పెక్షన్ జరిగి స్టెంటు పడింది. స్టెంటు పడ్డాక స్టంట్లు మానాలని నాకూ తెలుసు. పన్నెండేళ్ళుగా షుగరు, వాన రాబోతోందని చెప్పే ఎడమ మోకాలు అదనం. ఆసుపత్రి నుంచి బర్మామైన్స్‌లోని మా ఇంటికి వచ్చేసరికి నా సైకిలు కిటికీ ఊచలకి గొలుసుతో కట్టేసి ఉంది. తాళంచెవి మా ఆవిడ చేతిసంచిలోకి చేరింది.

"ఆ ఎక్సర్‌సైజుల పిల్ల కాయితం మీద రాసిత్తే తీత్తాను. అందాకా దాని మీద సెయ్యేసినా ఊరుకోను," అంది.

"నా సైకిలెక్కడానికి నాకు పర్మిషనేటే?"

"సైకిలు మీదేనండీ. పడితే లేపాల్సింది నాను."

తాళం కీ ఆవిడ దగ్గర, మోకాలి కీలు నా దగ్గర. రెండూ తిరగడం లేదు.

ఆ సైకిలు మీద నాకెందుకంత మోజో చెప్పాలి. పొద్దున్నే సోనారి పేటలో విమానాశ్రయం గోడ పక్కనున్న టీ కొట్టు దగ్గర మా పాత షిఫ్టు వాళ్ళు నలుగురు చేరతారు. ఎప్పుడో ఒక చిన్న విమానం దిగుతుంది. దాన్ని దింపడం ఎలాగో ఈ నలుగురూ పైలటుకి కింద నుంచే నేర్పుతుంటారు. ఆటోలో వెళ్ళి దిగితే నన్ను పరామర్శిస్తారు. సైకిలు మీద వెళితే తిడతారు. నాకు తిట్లు కావాలి.

గుండె జబ్బూ షుగరూ ఉన్నవాళ్ళకి వ్యాయామం నేర్పే చిన్న కేంద్రమొకటి అదే సోనారిలో ఉంది. అక్కడి ఫిజియో అమ్మాయి అమ్మానాన్నలు మా శ్రీకాకుళం వైపువాళ్ళే. తను పుట్టి పెరిగింది ఈ హిందీ ఊళ్ళోనే గనక, మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో చూస్తారని ఎవరో చెప్పగా విని, నేను వారం రోజులు ఇంట్లో అదే సాధన చేశాను. వెళ్ళేముందు మోకాలికి నొప్పి మందు దట్టంగా రాసి, వాసన తెలియకుండా పైన పౌడరు చల్లాను. రంగు పని పూర్తయింది.

ఆ అమ్మాయి ముందు వేలికి షుగరు చూసింది, బీపీ చూసింది. సన్నటి తీగతో అరికాళ్ళ మీద తాకి, తెలుస్తోందా అని అడిగింది. వరండాలో రెండు నారింజ రంగు ప్లాస్టిక్ కోన్లు పెట్టి, వాటి మధ్య ఆరు నిమిషాలు నడవమంది. నడిచాను. ఎదురుగా బస్సు కదిలిపోతున్నట్టు నడిచాను. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి పద్నాలుగుసార్లు లేచాను.

"వాహ్ అంకుల్! కహీ దర్ద్?"

"నొప్పా? నాకా?"

"చక్కర్ ఆతా హై కభీ?" కళ్ళు తిరుగుతాయా అని అడుగుతోంది.

"చక్కెరుంది గానీ చక్కర్లు లేవమ్మా," అన్నాను. నా చమత్కారానికి నేనే ముందు నవ్వాను. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైతే చేతులు వణుకుతాయన్న సంగతి ఆ నవ్వు వెనకాల, బోర్డు వెనక నూనెలా ఉండిపోయింది.

ఆమె నా మాట నమ్మింది. రోజూ అరగంట గట్టి నడక, కుర్చీ బస్కీలు, గోడకి చేతులానించి తోయడం, అన్నీ రాసిచ్చింది. నెల తర్వాత అంతా బాగుంటే సైకిలు సంగతి చూద్దామంది.

నాలుగో రోజుకే బాగోలేదు. పొద్దున మాత్ర వేసుకుని, వచ్చాక తిందాంలే అని నడకకి బయల్దేరాను. బజారు సందు దాటేసరికి చెమట పట్టింది. మోకాలు వద్దంటోంది, కాళ్ళు తడబడుతున్నాయి, దుకాణాలన్నీ కొంచెం పక్కకి ఒరిగాయి. నిప్పుల మీద లిట్టీల పిండి ఉండలు కాల్చే ఆయన నన్ను చూసి గబగబా బల్ల మీద కూర్చోబెట్టాడు. షుగరుందని చెప్పగానే టీలో చెంచాల మీద చెంచాలు పంచదార పోసి తాగించాడు. చక్కెర తగ్గితే చక్కర్ వస్తుందని అలా నా జోకే నాకు అర్థం చెప్పింది.

కబురు నాకంటే ముందే ఇంటికి చేరింది. మా ఆవిడ అరవలేదు. సంచి భుజానికి తగిలించుకుని, "పదండి, ఆ పిల్లకాడికి," అంది. ఆమె అరవకపోతే నాకు భయం.

ఆటోలో వెళ్ళాం. అక్కడ మొత్తం ఆవిడే చెప్పింది. "వారం రోజులు తలుపేసుకుని కుర్చీతో కుస్తీ పట్టాడమ్మా. ఏటి చేత్తన్నారంటే బల్లి పడిందన్నాడు. మోకాలికి పౌడరేశాడు. పెళ్ళికి కూడా అంత పౌడరెయ్యలేదు."

ఫిజియో అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కాయితాలు సర్దుకుంది. తర్వాత హిందీలో ఒక మాట అంది. ఆమె పరీక్షలు పెట్టే మేడమ్ కాదట, దర్జీ అట. కొలతిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాగి, తర్వాత చొక్కా బిగుతైందంటే ఎలా అంకుల్ అంది. నా పద్నాలుగు మార్కులూ కొట్టేసి కొత్త కాయితం తీసింది.

ఈసారి ఉన్నదున్నట్టు లేచాను. ఏడు. మోకాలు కలుక్కుమన్న చోట కలుక్కుమందని చెప్పాను. వణుకు సంగతీ చెప్పాను. డాక్టరుతో ఫోనులో మాట్లాడి మాత్ర వేళ మార్పించింది. కొత్త ప్రణాళిక చూస్తే నాకే నామోషీ వేసింది: తిన్నాకే నడక, అదీ పది నిమిషాలు, ముందు వేలికి షుగరు చూసుకుని. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచి అయిదుసార్లు లేవడం. జేబులో గ్లూకోజు. నేను వేసుకునే గుండె మాత్ర నాడిని పరుగెత్తనివ్వదట, అందుకని నాడి లెక్క కాదు, నోటి లెక్క చూసుకోవాలి. నడుస్తూ మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే జోరు తగ్గించాలి.

"అయితే ఈయన ఎప్పుడూ పాసేనమ్మా," అంది మా ఆవిడ.

ఆ రోజు నుంచి నా ఇన్‌స్పెక్టరు ఆవిడే. నేను కుర్చీలోంచి లేస్తుంటే ఎదురుగా నేల మీద కూర్చుని, కూరగాయలు తరుగుతూ లెక్కపెట్టేది. "మూడు... నాలుగు... ఆఁ, మోకాలి మీద సెయ్యేశారు. అది లెక్కలోకి రాదు." మళ్ళీ నాలుగు. నేను పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఇన్‌స్పెక్టరు ఒక్కడొచ్చుంటే మా నూనె ఎప్పుడో ఆగేది.

మూడు నెలల్లో దిండు పోయింది. పది నిమిషాలు అరగంటయ్యాయి. మళ్ళీ కొలిస్తే పదకొండుసార్లు లేచాను, అన్నీ అసలువే. ఆ అమ్మాయి కాయితం మీద రాసింది: చదును రోడ్డు మీద, తిన్నాక, మెల్లగా, సైకిలు తొక్కవచ్చు.

తాళంచెవి మాత్రం రాలేదు. ఒక రోజు ఎండెక్కువంది మా ఆవిడ. ఒక రోజు టైర్లలో గాలి లేదంది. ఒక రోజు, "ఆ కాయితంలో మెల్లగా అని రాసింది కదా, తాళం కూడా మెల్లగానే తీత్తాను," అంది. ఆవిడ భయం నాకు తెలియనిది కాదు. నాకు స్టెంటు వేసిన రాత్రి ఆసుపత్రి వరండాలో ఒక్కతే కూర్చున్నది ఆవిడ, నేను కాదు కదా. అయినా వారం రోజులు ఓర్చుకున్నాక నాలో పాత ఉద్యోగి లేచాడు.

నేను గమనించింది ఒకటుంది. కూరగాయలు తరిగి లేచేటప్పుడు ఆవిడ చెయ్యి గోడ మీదకి వెళ్తోంది. మోకాళ్ళు అడిగితే బాగున్నాయంటుంది. ఫిజియో అమ్మాయికి ఫోన్ చేసి కొలతకి ఆవిడ పేరు కూడా రాయించాను. ఇంట్లో చెబితే, "నాకేటి జబ్బు?" అని ఎగిరింది గానీ రానని మాత్రం అనలేదు.

తర్వాత రోజుల్లో వంటింట్లోంచి కుర్చీ కాళ్ళు కిర్రుమనే చప్పుడు వినబడసాగింది. తలుపు సందులోంచి చూశాను. కళ్ళు మూసుకుని, పెదాలు బిగించి లేస్తోంది, కూర్చుంటోంది. పొయ్యి మీద పప్పు పొంగుతున్నా ఆగలేదు. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను.

ఆవిడ కొలత రోజు వచ్చింది. సంచి నా ఒళ్ళో పెట్టి, చేతులు కట్టుకుని, ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఆంటీ, ఘర్ పే ప్రాక్టీస్ కియా క్యా?" అడిగింది అమ్మాయి.

"నానా? ఒంట్లో దమ్ముంటే ప్రాక్టీసెందుకమ్మా."

లేవడం మొదలైంది. ఆరు, ఏడు, ఎనిమిది, చక్కగా. తొమ్మిదో దానికి ఎడమ చెయ్యి మెల్లగా, ఎవరికీ కనబడదనుకుని, మోకాలి మీద ఆనింది.

నేను సంచిలో చెయ్యి పెట్టి తాళంచెవి వెతికి పట్టుకున్నాను. తర్వాత, కూరగాయలు తరుగుతూ లెక్కపెట్టే ఆవిడ గొంతుతో, వరండా అంతా వినబడేలా అన్నాను:

"అది లెక్కలోకి రాదు. ఇంట్లో వంటింటి తలుపేసుకుని చేసినవి కూడా."